ఫీజు సరే... బతకడానికెంత?

మార్చి, ఏప్రిల్ నెలలొస్తే అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ కన్సల్టెన్సీల్లోనే కాదు, గుంటూరు, వరంగల్, భీమవరం ఇళ్లలోనూ ఇదే చర్చ. అమ్మాయికి రెండు యూనివర్సిటీల నుంచి అడ్మిట్ వచ్చింది, అబ్బాయికి మూడొచ్చాయి. దేనికి పంపాలి? చర్చ ర్యాంకింగ్‌తో మొదలవుతుంది, ఫీజు మీద నడుస్తుంది, ‘అక్కడ మనవాళ్లు ఎంతమంది ఉన్నారు’ అన్న ప్రశ్న దగ్గర తేలుతుంది. ఈ మూడింటి మధ్య ఒక పెద్ద ఖర్చు ఎవరి కంటా పడకుండా జారిపోతుంది. అక్కడ ఉండటానికి, తినడానికి, తిరగడానికి, జబ్బు చేస్తే చూపించుకోవడానికి అయ్యే ఖర్చు అది. చాలా ఊళ్లలో అది ఫీజుకు దాదాపు సమానం. కొన్ని ఊళ్లలో అంతకన్నా ఎక్కువ.

అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 2023-24లో 3,31,602 మంది. 2009 తర్వాత చైనాను దాటి మనవాళ్లు మొదటి స్థానానికి రావడం అదే తొలిసారి. మరుసటి ఏడాదికి ఆ సంఖ్య 3,63,019కి చేరింది. వీళ్లలో తెలుగువాళ్ల వాటా ఎంత పెద్దదో డాలస్ చుట్టుపక్కల ఏ క్యాంపస్ దగ్గరి అపార్ట్‌మెంట్‌కి వెళ్లినా తెలుస్తుంది. మనవాళ్లలో ఎక్కువమంది వెళ్లేది మాస్టర్స్‌కి. చాలామంది వెళ్లేది అప్పు చేసి. ఆ అప్పులో ఎంత భాగం తరగతి గదికి, ఎంత భాగం ఇంటి అద్దెకు పోతుందన్నది ఆఫర్ ఎంచుకునేటప్పుడే తేలాలి. విమానం ఎక్కాక తేలితే మార్చుకోవడానికి ఏమీ మిగలదు.

ఐ-20లో చిన్న అంకె

అమెరికా యూనివర్సిటీ పంపే ఐ-20 పత్రం మొదటి పేజీలోనే ఖర్చుల పట్టిక ఉంటుంది. ఎడమవైపు ట్యూషన్, జీవన వ్యయం, ఇతర ఖర్చులు. కుడివైపు ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న వివరం. వీసా ఇంటర్వ్యూ నాటికి ఎంత డబ్బు చూపించాలో ఈ పట్టికను బట్టే తెలుస్తుంది కాబట్టి ఇంటిల్లిపాదీ చివరి మొత్తాన్నే చూస్తారు. పట్టిక పైన ఉండే అంకెను పట్టించుకునేవాళ్లు తక్కువ. ఆ అంచనా ఎన్ని నెలలకు వేశారో చెప్పే అంకె అది.

కొన్ని యూనివర్సిటీలు 9 నెలలకు అంచనా వేస్తాయి, కొన్ని 12 నెలలకు. ఒక ఐ-20లో జీవన వ్యయం 12,600 డాలర్లు, ఇంకోదాంట్లో 15,000 డాలర్లు ఉందనుకుందాం. చూడగానే మొదటిదే చవక అనిపిస్తుంది. మొదటిది 9 నెలల లెక్క, రెండోది 12 నెలల లెక్క అయితే? మొదటిచోట నెలకు 1,400 డాలర్లు, రెండోచోట 1,250. చవకైనది రెండోదే. పైగా వేసవి సెలవులని ఇంటి యజమాని అద్దె మానుకోడు. లీజు సాధారణంగా 12 నెలలకు రాసుకుంటారు. కాబట్టి ఏ ఐ-20 వచ్చినా ముందు నెలకు ఎంతో తేల్చుకుని, ఆ తర్వాతే పోల్చాలి.

ఇంకో సంగతి. ఐ-20 చెప్పేది మొదటి విద్యా సంవత్సరం ఖర్చే. మాస్టర్స్ కోర్సులు ఎక్కువగా 30 నుంచి 36 క్రెడిట్లు ఉంటాయి, చాలాచోట్ల ఫీజు క్రెడిట్ లెక్కన కడతారు. క్రెడిట్‌కి ఫీజు తక్కువున్నా మొత్తం క్రెడిట్లు ఎక్కువైతే రెండు సబ్జెక్టులు అదనంగా చదవాలి, ఒక్కోసారి ఇంకో సెమిస్టర్ ఉండాలి. ఆ సెమిస్టర్‌కి మళ్లీ అద్దె, తిండి, బీమా.

మొత్తం లెక్క ఎలా తిరగబడుతుందో ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. మొదటి ఆఫర్‌లో కోర్సు మొత్తానికి ఫీజు 32,000 డాలర్లు, ఆ ఊళ్లో బతకడానికి నెలకు 1,500. రెండో ఆఫర్‌లో ఫీజు 40,000, బతకడానికి 950. ఆగస్టులో చేరి రెండో ఏడాది చదువు ముగిసేదాకా సుమారు 21 నెలలు. మొదటిదానికి మొత్తం 63,500 డాలర్లు, రెండోదానికి 59,950. ఫీజు 8,000 డాలర్లు ఎక్కువున్న ఆఫరే చివరికి 3,550 డాలర్లు తక్కువలో తేలింది. డాలరు 90 రూపాయలనుకుంటే 3 లక్షల 20 వేలు మిగులు.

ఒకే డాలర్, వేర్వేరు ఊళ్లు

అద్దె అనగానే మనవాళ్లు వేసుకునే లెక్క ఒకటుంది. రెండు బెడ్‌రూంల ఫ్లాట్, అందులో నలుగురు. పెద్ద గదిలో ఇద్దరు, చిన్న గదిలో ఒకరు, హాల్లో పరుపేసుకుని ఒకరు. హాల్లో పడుకునేవాళ్ల వాటా అందరికన్నా తక్కువ. కరెంటు, ఇంటర్నెట్, గ్యాస్ సమానంగా పంచుకుంటారు. ఇండియన్ స్టోర్ నుంచి బియ్యం బస్తా, పప్పులు కలిపి తెచ్చుకుని వంతులవారీగా వండుకుంటారు. ఈ పద్ధతి నిజంగానే ఖర్చు తగ్గిస్తుంది. కాకపోతే ఇది అన్ని ఊళ్లలో ఒకేలా సాగదు. ఒక ఇంట్లో ఎంతమంది ఉండొచ్చన్న దానికి కొన్ని ఊళ్లలో నిబంధనలున్నాయి, లీజులో లేని మనిషిని ఉంచుకుంటే ఇల్లు ఖాళీ చేయమనవచ్చు.

బోస్టన్ సంగతి చూడండి. అక్కడ చాలా లీజులు సెప్టెంబరు 1న మొదలవుతాయి, ఊరంతా ఒకే రోజు సామాన్లు మోసుకుంటూ ఇళ్లు మారుతుంది. మసాచుసెట్స్ చట్టం ప్రకారం ఇంటి యజమాని మొదటి నెల అద్దె, చివరి నెల అద్దె, ఒక నెల సెక్యూరిటీ డిపాజిట్ ముందే అడగొచ్చు. అంటే తాళం చేతికి రావాలంటే మూడు నెలల అద్దె కట్టాలి. అప్పుడే దిగిన విద్యార్థికి అక్కడ క్రెడిట్ హిస్టరీ ఉండదు కాబట్టి కొందరు యజమానులు ష్యూరిటీ కూడా అడుగుతారు. నెలవారీ ఖర్చు భరించగలిగినా ఈ మొదటి నెల దెబ్బకు తట్టుకోలేని కుటుంబాలుంటాయి. ఐ-20 పట్టికలో దీనికంటూ విడిగా వరస ఉండదు.

టెక్సస్‌లో అద్దెలు బోస్టన్ కన్నా బాగా తక్కువ. అక్కడి చిక్కు ప్రయాణం. డాలస్, ఫోర్ట్‌వర్త్ నగరాల మధ్య ఉన్న ఆర్లింగ్టన్‌లో దాదాపు 4 లక్షల జనాభా. అక్కడి యూనివర్సిటీలో తెలుగు విద్యార్థులు చాలామంది. అంత పెద్ద ఊళ్లో మామూలు సిటీ బస్సు లేదు. ఉన్న ఒక్క బస్సు మార్గాన్నీ 2017లో ఆపేసి, ఫోన్‌లో బుక్ చేసుకునే షేరింగ్ వ్యాన్లు పెట్టారు. క్యాంపస్‌కి నడిచి వెళ్లే దూరంలో ఇల్లు దొరికితే సరే, లేకపోతే చదువు సాగేకొద్దీ కారు తప్పదు. సెకండ్ హ్యాండ్ కారు, దానికి ఇన్సూరెన్స్, పెట్రోలు, రిపేర్లు అన్నీ కలిస్తే అద్దెలో మిగిలిందంతా అక్కడే పోతుంది. అదే డాలస్ ప్రాంతంలో రిచర్డ్‌సన్ దగ్గరున్న యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ ఎట్ డాలస్‌కి 2025 అక్టోబరులో సిల్వర్ లైన్ రైలు వచ్చింది, స్టేషన్ యూనివర్సిటీ పేరు మీదే ఉంది. ఒకే మహానగర ప్రాంతంలో ఉన్న రెండు క్యాంపస్‌ల మధ్య ఇంత తేడా.

చిన్న ఊళ్లను తీసిపారేయకూడదు. ఇలినాయ్‌లోని అర్బానా-షాంపేన్ అలాంటి చిన్న విద్యాకేంద్రమే. యూనివర్సిటీ గుర్తింపు కార్డు చూపిస్తే విద్యార్థులు సిటీ బస్సులు ఎక్కొచ్చు, ఆ ఖర్చు సెమిస్టర్ ఫీజులోనే కలిసి ఉంటుంది. పిట్స్‌బర్గ్ లాంటి నగరంలోనూ అలాంటి ఏర్పాటే ఉంది. ఇలాంటిచోట ‘ఫీజుల’ పద్దులో వంద డాలర్లు ఎక్కువ కనిపించినా కారు ఖర్చు తప్పుతుంది.

ఇవన్నీ ఇంటి దగ్గర కూర్చుని తెలుసుకోవచ్చు. అమెరికా ప్రభుత్వ గృహనిర్మాణ శాఖ ఏటా ప్రాంతాలవారీగా అద్దెల అంచనా ప్రకటిస్తుంది. ఒక కౌంటీలో మనిషి బతకడానికి ఎంత కావాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ నడిపే లివింగ్ వేజ్ కాలిక్యులేటర్ చెబుతుంది. రెండూ ఉచితమే.

వెయ్యి డాలర్లు చేసే మేలు

స్కాలర్‌షిప్ అంటే చాలామంది దాని మొత్తాన్నే చూస్తారు. ఒకరు 5,000 డాలర్లు ఇస్తామన్నారు, ఇంకొకరు 1,000 ఇస్తామన్నారు. 5,000 ఇచ్చేదే మంచిదని తేల్చేస్తారు. టెక్సస్‌లో ఈ లెక్క తప్పవచ్చు. ఆ రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ కనీసం 1,000 డాలర్లు వస్తే, బయటి రాష్ట్రాల, విదేశాల విద్యార్థికి కూడా స్థానికుల ఫీజే వర్తింపజేసే వీలు చట్టంలో ఉంది. స్థానికేతరుల ఫీజుకూ స్థానికుల ఫీజుకూ మధ్య తేడా ఏడాదికి వేల డాలర్లలో ఉంటుంది. ఆ తేడాను కలిపి చూస్తే ఆ వెయ్యి డాలర్లే పెద్ద స్కాలర్‌షిప్ అవుతుంది. ఆఫర్ లెటర్‌లో ఈ మాట స్పష్టంగా ఉందా, రెండో ఏడాదీ వర్తిస్తుందా, మార్కుల షరతు ఏమైనా ఉందా అని యూనివర్సిటీకి మెయిల్ రాసి జవాబు తెప్పించుకోవాలి.

అసిస్టెంట్‌షిప్ వస్తే అది వేరే స్థాయి. ట్యూషన్ మాఫీ, నెలనెలా స్టైపెండ్ రెండూ ఉండొచ్చు. అయినా క్యాంపస్ ఫీజులు, బీమా చేతి నుంచి కట్టాల్సి రావొచ్చు. ఇలాంటి ఆర్థిక సాయంతో వచ్చే ఆఫర్ల విషయంలో విద్యార్థికి ఒక రక్షణ ఉంది. కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ తీర్మానం మీద సంతకం చేసిన యూనివర్సిటీలు ఏప్రిల్ 15 లోపు జవాబు చెప్పమని ఒత్తిడి చేయకూడదు. మిగతా ఆఫర్లు వచ్చేదాకా ఆగి, పక్కపక్కన పెట్టి చూసుకునే వ్యవధి అది.

వారానికి 20 గంటలు

“పార్ట్‌టైం చేసుకుంటాడులే” అన్న మాట మీద ఎన్ని ఇళ్లలో నిర్ణయాలు జరిగిపోతున్నాయో! ఈ మాటను లెక్కలోకి తెచ్చే ముందు చట్టం ఏం చెబుతుందో చూడాలి. ఎఫ్-1 వీసా మీదున్న విద్యార్థి తరగతులు జరిగేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పనిచేయాలి. మొదటి విద్యా సంవత్సరంలో క్యాంపస్ బయట పని చేయకూడదు. ఆ తర్వాత కూడా అనుమతి ఉంటేనే.

ఆ 20 గంటలకు ఎంత వస్తుందన్నది మళ్లీ ఊరి మీదే ఆధారపడి ఉంది. టెక్సస్‌లో చెల్లేది కేంద్ర చట్టం పెట్టిన కనీస వేతనం, గంటకు 7.25 డాలర్లు. అది 2009 నుంచి మారలేదు. కాలిఫోర్నియాలో 2025లో కనీస వేతనం 16.50. కనీస వేతనం మీద 20 గంటలు చేస్తే ఒకచోట వారానికి 145 డాలర్లు, ఇంకోచోట 330. టెక్సస్‌లో చాలా పనులకు కనీసం కన్నా ఎక్కువే ఇస్తారు, కాలిఫోర్నియాలో అద్దె కూడా ఎక్కువే. ఎంత చెట్టుకు అంత గాలి. అసలు సమస్య పని దొరకడం. క్యాంటీన్‌లోనో లైబ్రరీలోనో ఉండే కొద్దిపాటి ఉద్యోగాలకు వందలమంది దరఖాస్తు చేస్తారు. మొదటి సెమిస్టర్‌లో దొరకనివాళ్లే ఎక్కువ.

అందుకే ఆ జీతాన్ని లెక్కలో సున్నాగా వేసుకోవాలి. దొరికితే అదనం. లోటు పూడ్చడానికి పెట్రోలు బంకుల్లో, రెస్టారెంట్లలో చాటుగా నగదుకు పనిచేసే విద్యార్థులు ఒక్క తనిఖీతో వీసా హోదానే పోగొట్టుకోవచ్చు. ఇల్లు తాకట్టు పెట్టి వెళ్లిన పిల్లవాడికి ఆ దెబ్బ ఎంత పెద్దదో చెప్పనక్కర్లేదు. ఇలాంటి పనికి దిగేవాళ్లలో చాలామందిని దించేది దురాశ కాదు, ఆఫర్ ఎంచుకున్న రోజున ఎవరూ వేయని లెక్క.

మరీ చవకగా వచ్చే ఆఫర్లతో ఇంకా జాగ్రత్త. తరగతులకు వెళ్లనక్కర్లేదు, చేరిన రోజు నుంచే ఉద్యోగం అంటూ ఆశ చూపిన కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ 2011లో మూతపడినప్పుడు వందలాది తెలుగు విద్యార్థులు చిక్కుల్లో పడ్డారు, కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు తొడిగారు. మిషిగాన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అధికారులే ఒక బూటకపు సంస్థ పెట్టారని 2019 జనవరిలో బయటపడింది. అప్పుడు అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులే.

బ్రిటన్, జర్మనీ లెక్కలు

కొన్ని దేశాల్లో బతకడానికి ఎంత కావాలో ప్రభుత్వమే అంకె చెబుతుంది. బ్రిటన్‌లో 2025 నవంబరు నుంచి లండన్‌లో చదివేవాళ్లు నెలకు 1,529 పౌండ్లు, లండన్ బయటైతే 1,171 పౌండ్లు చూపించాలి. 9 నెలలకు కలిపి లండన్‌కి 13,761, మిగతా ఊళ్లకు 10,539. తేడా 3,222 పౌండ్లు. మాస్టర్స్ మాత్రం 12 నెలలు నడుస్తుంది. వీసా అడగని ఆ మూడు నెలల ఖర్చు ఇంటివాళ్లే గుర్తుపెట్టుకోవాలి. హెల్త్ సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు. ఏడాది కోర్సుకు వీసా ఏడాదికి మించి ఇస్తారు కాబట్టి ఏడాదిన్నరకు లెక్కగట్టి 1,164 పౌండ్లు ముందే వసూలు చేస్తారు. ఊరట కలిగించేవీ ఉన్నాయి. ఇంట్లో అందరూ ఫుల్‌టైం విద్యార్థులే అయితే కౌన్సిల్ ట్యాక్స్ అనే స్థానిక పన్ను ఉండదు. లండన్‌లో విద్యార్థి ఆయిస్టర్ కార్డు మీద ట్రావెల్‌కార్డులకు 30 శాతం తగ్గింపు ఉంది.

జర్మనీలో చదువు ఉచితమన్న మాట మన దగ్గర బాగా పాకింది. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ లేదన్నది నిజమే. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం మాత్రం 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కి 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 శీతాకాలం సెమిస్టర్ నుంచి కొత్తగా చేరేవాళ్లకు ఫీజు పెట్టింది, మాస్టర్స్‌కి సెమిస్టర్‌కి 4,000 నుంచి 6,000 యూరోలు. ట్యూషన్ లేనిచోట కూడా వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేయాలి, అందులోంచి నెలకు 992 మాత్రమే చేతికొస్తాయి. మ్యూనిక్‌లో నలుగురితో పంచుకునే ఫ్లాట్‌లో గది అద్దె సుమారు 800 యూరోలు. కెమ్నిట్జ్ లాంటి తూర్పు ఊళ్లలో అందులో సగం కూడా ఉండదు. ఒకే దేశం, అకౌంట్‌లో ఒకే మొత్తం. ఒక ఊళ్లో నెల గడుస్తుంది, ఇంకో ఊళ్లో అద్దె కట్టగానే చేతులు ఖాళీ.

ఆస్ట్రేలియా 29,710 ఆస్ట్రేలియన్ డాలర్లు, కెనడా 22,895 కెనడియన్ డాలర్లు చూపించమంటున్నాయి. ఇవన్నీ కనీస మొత్తాలు. సిడ్నీ, టొరంటో లాంటి నగరాల్లో వీటితో సరిపెట్టుకోవడం కష్టం.

అప్పు, రూపాయి

అప్పు 30 లక్షలా 40 లక్షలా అన్నది కాగితం మీద ఒక అంకె తేడా. 11 శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చాలంటే 30 లక్షలకు నెలవారీ కిస్తీ సుమారు 41,300 రూపాయలు, 40 లక్షలకు 55,100. ఆఫర్ ఎంపికలో మిగిలిన పది లక్షలు పదేళ్ల పాటు నెలకు 13,800 రూపాయల చొప్పున మిగులుతాయన్నమాట. చదువుకునే కాలంలో కిస్తీ కట్టనక్కర్లేకపోయినా వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

రూపాయి పతనం ఇంకో ఖర్చు. 2021 ఆగస్టులో డాలరు సుమారు 74 రూపాయలు. ఆ ఏడాది వెళ్లిన విద్యార్థి చదువు ముగించే నాటికి అది 83 దగ్గరికి వచ్చింది. రెండో ఏడాదికి అనుకున్న 20,000 డాలర్ల ఖర్చు 14.8 లక్షల నుంచి 16.6 లక్షలయింది. 2025 డిసెంబరులో డాలరు 90 దాటింది. కాబట్టి రెండో ఏడాది లెక్కను ఇవాళ్టి రేటుతో వేయడం మంచిది కాదు, కొంత పెంచి వేసుకోవాలి.

తెలంగాణలో అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి లాంటి పథకాల కింద అర్హులకు 20 లక్షల దాకా సాయం ఉంది. అది రెండు విడతలుగా వస్తుంది, మొదటిది అక్కడికి చేరాకే. మొదటి అద్దె, డిపాజిట్ల కోసం చేతిలో వేరే డబ్బు ఉండాల్సిందే.

డిపాజిట్ కట్టే ముందు

సీనియర్లకు ఫోన్ చేస్తే చాలామంది “అక్కడ ఎలా ఉందన్నా?” అని అడుగుతారు. “బాగుందిరా” అన్న జవాబు వస్తుంది. దాంతో లెక్క తేలదు. పోయిన నెల అద్దెలో నీ వాటా ఎంత పడింది, చలికాలంలో హీటింగ్ బిల్లు ఎంత వచ్చింది, యూనివర్సిటీ బీమా తప్పనిసరా, బయట చవకైనది తీసుకోనిస్తారా, నీతో చేరినవాళ్లలో క్యాంపస్ ఉద్యోగం ఎంతమందికి ఏ సెమిస్టర్‌లో దొరికింది, కారు లేకుండా సరుకులు ఎలా తెచ్చుకుంటావు అని అడిగితే అంకెలు వస్తాయి. ఒకే ఊరి గురించి కనీసం ఇద్దరిని, వీలైతే అందులో ఒక అమ్మాయిని అడగడం మంచిది. రాత్రిపూట లైబ్రరీ నుంచి ఇంటికి చేరడం ఎలా అన్న ప్రశ్నకు ఆమె జవాబు వేరుగా ఉండొచ్చు, ఆ జవాబులో అద్దె తేడా కూడా ఉండొచ్చు.

తర్వాత ఒక కాగితం మీద ఒక్కో ఆఫర్‌కి ఒక్కో వరస గీయాలి. కోర్సు మొత్తం ఫీజు, చివరి నెల దాకా బతకడానికయ్యే ఖర్చు, మొదటి నెల డిపాజిట్లు, విమానం, వీసా రుసుము, బీమా. అమెరికా అయితే విద్యార్థుల నమోదు వ్యవస్థకు కట్టే సెవిస్ ఫీజు 350 డాలర్లు కూడా. చివర్లో మరో మూడు నెలల ఖర్చు చేర్చాలి. డిగ్రీ చేతికొచ్చాక పనిచేయడానికిచ్చే అనుమతి ఓపీటీలో 90 రోజులు దాటి ఉద్యోగం లేకుండా ఉండటానికి వీల్లేదు, ఆ 90 రోజులూ తినాలిగా! సైన్స్, టెక్నాలజీ కోర్సులకైతే ఏడాది ఓపీటీ తర్వాత మరో 24 నెలల పొడిగింపు ఉంది కాబట్టి అప్పు తీర్చే అవకాశం పెరుగుతుంది. రెండు వరసల మధ్య తేడా స్వల్పమైతే అప్పుడు ర్యాంకింగ్, ప్రొఫెసర్లు, చుట్టుపక్కల కంపెనీలు చూసి తేల్చుకోవచ్చు. పది లక్షలు దాటితే ఆ అదనపు డబ్బుకి ఆ యూనివర్సిటీ ఏమిస్తుందో పిల్లలు ఇంట్లో వివరించగలగాలి.

ఆ కాగితాన్ని తల్లిదండ్రులు, పిల్లలు కలిసి కూర్చుని రాయడం ముఖ్యం. ఇంటి నుంచి నెలకు ఎంత పంపగలరో తండ్రి దాచకుండా చెబితే పిల్లలు దాన్ని బట్టే ఊరిని ఎంచుకుంటారు. చెప్పకపోతే మూడో సెమిస్టర్ ఫీజు గడువు ముందు రోజు రాత్రి ఫోన్‌లో తెలుస్తుంది. సీటు కోసం డిపాజిట్ కట్టే ముందు, వీసా రాకపోతే ఆ డబ్బు తిరిగి ఇస్తారా లేదా అన్నది యూనివర్సిటీ నుంచి రాతపూర్వకంగా తీసుకుని, ఆ మెయిల్‌ను మిగతా కాగితాలతో పాటు భద్రపరచుకోవాలి.